వేడినీళ్ళకు ఆరిపోయిన రామక్క పొయ్యి

తణుకులో మా ఇంట్లో సిలిండరు నెల తిరక్కుండానే అయిపోయేది. నా సణుగుడు విని, మా స్కూల్లోనే పనిచేసే చిలమత్తూరు లక్ష్మీదేవి నవ్వింది. "మా అక్క రామక్కకి సిలిండరూ లేదు, పొగా లేదు. రెండావులుండాయి, పేడ గ్యాసు మీదే వంట" అంది. నమ్మితేగా! 2003 వేసవి సెలవుల్లో చూసొద్దామని బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు హిందూపురంలో రైలు దిగి, పన్నెండు రూపాయల టికెట్టుతో చిలమత్తూరు బస్సెక్కాను. అక్కడినుంచి రామక్క ఊరికి ఆటో. "మీ ఇంట్లో ఏం పొయ్యి తమ్ముడూ?" అని డ్రైవర్ని అడిగాను. "కట్టెలు, బుడ్డల పొట్టు. వానల్లేక బుడ్డలే పండల్యా, ఇంక పొట్టు యాడిదక్కా?" అన్నాడు. బుడ్డలంటే వేరుశనగ కాయలట. మావైపు కొబ్బరి మట్టలు, ఊక ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. నీళ్ళున్న చోట నిప్పుకీ కొదవుండదని అప్పుడు గాని నాకు తట్టలేదు.

రామక్క ఇంటి ముందు దిగగానే, రైలు బడలికతో స్నానానికి రెండు బిందెల వేడినీళ్ళడిగాను. రామక్క గ్యాసు పొయ్యి వైపు ఓసారి చూసి, దాని మీదే కాచి ఇచ్చింది. నీళ్ళు పోసుకుని వచ్చేసరికి ఆమె భర్త నారాయణప్ప గొంతు పెద్దదైంది. "మేపేకి గడ్డి లేదు. పన్నెండుకు ఆవుల బేరగాడొస్తాడు, రెండూ తోలేస్తా. సగం మేతకి వచ్చే పేడతో సంగటన్నా ఉడుకుతుందా?"

"ఉడుకుతుంది, సూడు. ఆవులు పోతే మళ్ళా గుట్టకు పోయి కట్టెలు నేను మోయల్ల" అంది రామక్క.

ఎసరు మరిగింది, రాగి పిండి పడింది. ఆమె తెడ్డు అందుకునేలోపే మంట కుంగి ఆరిపోయింది. "సూసినావా?" అన్నాడాయన. రామక్క మళ్ళీ అగ్గిపుల్ల గీసింది, అంటుకోలేదు. నాకు మొహం చెల్లలేదు.

"తప్పు నాదండీ! గ్యాసంతా నా స్నానానికే పోయింది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ ఎండల్లో ఉడుకునీళ్ళా! ఏమ్మా, మా ఎండ సాల్లేదా?" అని పగలబడి నవ్వాడు.

అదే అదనుగా రామక్క అంది: "కట్టెలు మోసే బదులు గడ్డే మోస్తా. మా తమ్ముని తోటలో మల్బరీ కొమ్మలుండాయి, అవీ ఆవులు తింటాయి."

బేరగాడు రానే వచ్చాడు. "వాన దాకా సూస్తాలేప్పా" అని నారాయణప్ప అతన్ని పంపేశాడు. సగం ఉడికిన సంగటిని మూడు రాళ్ళ కట్టెల పొయ్యి మీద నేనే ఊదుకుంటూ ఉడికించాను. కళ్ళు మండిపోయాయి గాని కడుపు నిండా తిన్నాను.

ఇంటి మంట ఏ ఊళ్ళో ఎంతన్నది వాన, మేత, మోసే నెత్తీ కలిసి తేలుస్తాయని అక్కడ తెలిసింది. మీరు వెళితే పొద్దున్నే బిందె ఎండలో పెట్టండి, పదకొండుకల్లా వేడెక్కుతుంది. స్కూళ్ళు తెరిచాక లక్ష్మీదేవి కబురు తెచ్చింది: ఆవులు రెండూ కొట్టంలోనే ఉన్నాయట, రామక్క నన్ను మళ్ళీ రమ్మందట. స్నానం మాత్రం హిందూపురంలోనే చేసి రావాలట.