బోడితలతో బొట్టు పెట్టిన రోజు

రొమ్ములో గడ్డ ఉందని చెప్పినప్పుడు నేను ఏడవలా. దాన్ని తీసేసినప్పుడూ ఏడవలా. రెండో కీమో అయినాక దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది చూడండి, అప్పుడు ఏడ్చినాను. నా జుట్టంటే మా కుప్పంలో, అంటే మా జాలర్ల పల్లెలో, పేరు మరి. కొప్పు చుట్టి, దాని మీద గుడ్డ కుదురు పెట్టి చేపల గంప ఎత్తుకుంటే, చెయ్యి పట్టకుండా ఇందుకూరుపేట పక్క పల్లెలన్నీ తిరిగొచ్చేదాన్ని.

ఇంట్లో వెంట్రుకలు ఊడ్చలేక విసుగొచ్చి మా ఆయన్ని గీకెయ్యమన్నాను. గడ్డం గీసుకునే రేజరు పట్టుకుని ఏడుస్తా గీకతా ఉన్నాడు. "ఏడిస్తే చెయ్యి వణుకుద్ది, నా తల తెగుద్ది, ముందు పని చూడు" అన్నాను. అయినాక అద్దంలో చూసుకుంటే అచ్చం మా నాయనే. మీసం ఒక్కటే తక్కువ.

ఆఖరి కీమో అయిన వారానికి మా అన్నకి కొత్త పడవ వచ్చింది. కొత్త పడవని నీళ్లలోకి దించేటప్పుడు తోబుట్టువే పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టాల. మా అన్నకి నేనొక్కదాన్నే. కానీ ఇంకో చిక్కుంది. వేటకి పోయేవాళ్లకి బోడితల ఆడమనిషి ఎదురొస్తే మావాళ్లు వలలు దించి ఇంటికొచ్చేస్తారు. తిరుపతి గుండుకి మాత్రం దండం పెడతారు.

నా జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప కుప్పంలో ఎవరికీ చెప్పలా. మా వదినకి ఇదంతా బాగా తెలుసు. నాతో ఒక్క మాటైనా అనకుండా, ఆడబిడ్డ కొండకి పోయి తలనీలాలిచ్చొచ్చిందని కుప్పమంతా చెప్పేసింది. ముందు రోజు వచ్చి నా చెవిలో వేసింది. "నువ్వేం అబద్ధం చెప్పే పన్లేదు, ఊరికే తలూపు. లేదంటే ఆ పసుపు గిన్నె ఇంకెవరి చేతికో ఇస్తారు" అనింది. నాకు ఒళ్లు మండింది. మండినా సరేనన్నాను. ఆ గిన్నె నా చేతిలోంచి పోతే ఇక నేను బతికుండీ లేనట్టే అనిపించింది.

పొద్దున్నే తలమీద కొంగేసుకుని ఒడ్డుకి పోయినాను. మా గాలి కొంగు నిలవనిస్తేనా! ఎగిరి భుజం మీద పడింది. కుప్పానికి పెద్దాయన, నాకు వరసకి మామ, నన్ను చూడగానే రెండు చేతులూ జోడించినాడు.

"గోవిందా! దర్శనం బాగా అయిందా కోడలా?"

వదిన నా మోచెయ్యి గిల్లింది. తలూపితే అయిపోయేది. ఊపబోయినాను కూడా. అంతలోకే ఆ వాంతులూ, నోట్లో పుండ్లూ, నల్లబడిన గోళ్లూ గుర్తొచ్చినాయి. అంత పడి బయటపడితే, నేనెందుకు దాచాల?

"కొండకి పోలేదు మామా. ఇది క్యాన్సర్ మందుకి ఊడిన తల. ఈ తలతో కాయ కొట్టకూడదంటే చెప్పు, ఇంటికి పోతాను. అబద్ధం చెప్పి మాత్రం మా అన్న పడవకి బొట్టు పెట్టను."

మామ రెండడుగులు వెనక్కి వేసినాడు. పడవలో పోవాల్సిన నలుగురిలో ఇద్దరు మొహాలు తిప్పుకున్నారు. మా అన్న పడవకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. సముద్రం మీదికి పోయేది ఆయన. మంచైనా చెడైనా ఆయన ప్రాణానికే. నా తల వైపు ఒకసారి చూసినాడు.

"పొద్దెక్కతా ఉంది పాపా. కొట్టు" అన్నాడు.

కొట్టినాను. ఒక్క దెబ్బకి రెండు చిప్పలు! ఆ చేతులతో అంతకు ముందు నెల మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోయినాను. అబ్బ, ఆ పొద్దు నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. పడవ ముక్కుకి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పోయే నలుగురికీ వరసగా నుదుట పెట్టినాను. తిప్పుకున్న మొహాలు వాటంతటవే నా ముందుకొచ్చినాయి.

అయిపోయిందని గిన్నె కింద పెట్టబోతే ఎదురుగా మామ. ఆయన పడవ కూడా ఆ పొద్దే వేటకి పోవాల. నుదురు ముందుకు చాపి నిలబడినాడు. తాడిచెట్టంత మనిషి, నాకు అందితేనా!

"వంగు మామా. ఇంకా వంగు" అన్నాను.

వంగినాడు.