నేను పీకించిన వైరు

బుడ్డీ. ఈ ఇంట్లో ఇట్లా పిలిస్తే ఇప్పుడు పలికేవాళ్లు లేరు. నా బిడ్డ పోయింది. జ్వరమని దవాఖానలో చేర్చిన నాలుగో రోజు పొద్దున, రక్తంలో కణాలు బాగా పడిపోయాయని చెప్పిన కాసేపటికే పోయింది. నలభై రోజులు దాటింది. ఇది చదివే మీకు ఆమె ఎవరో తెలియదు, అందుకే రాస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకోండి. కుదురుగా కూర్చోవడం కూడా చేతకావడం లేదు. ఈ నాలుగు వరుసలకే రెండుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వచ్చాను.

మేముండేది సిద్దిపేటలో, కిరాయి ఇంట్లో. నేను బీడీలు చుడతాను. నా బిడ్డ పాత కంప్యూటర్లు బాగు చేసేది. బడులవాళ్లు, ఆఫీసులవాళ్లు మూలకు పడేసినవాటిని తెచ్చి, లినక్స్ ఎక్కించి, మళ్లీ నడిపించి ఇచ్చేది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను లేపి పని చేయించేదట. దాని గుర్తు ఒక నల్ల పక్షి.

"గీ బాతేంది బిడ్డా?" అని అడిగాను ఒకసారి.

"బాతు కాదవ్వా, పెంగ్విన్. మంచుల ఉంటది."

"మంచుల ఉండేదానికి మన సిద్దిపేట ఎండ పడుతదా? అందుకే నీ డబ్బాలు మాటిమాటికి ఆగిపోతున్నయి."

ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వింది. "మా అవ్వ కనిపెట్టింది చూడున్రి, రోగమేందో" అని.

ఎవరు కంప్యూటర్ తెచ్చినా ముందు దాన్ని ముట్టేది కాదు, మనిషిని అడిగేది. "ఆగిపోయే ముందు ఏం చేసిన్రు?" అందరూ "ఏం చేయలే" అనేవాళ్లే. నా బిడ్డ స్టూలు మీద కూర్చుని ఊరుకునేది. కాసేపటికి వాళ్లే "ఉత్తగ వైరు జరిపినం", "పిలగాండ్లు ఏదో నొక్కిన్రు" అని బయటపెట్టేవాళ్లు. వాళ్లు పోయాక నాతో అనేది, "మిషన్ అబద్ధం చెప్పదవ్వా. మనుషులు కూడ చెప్పరు. భయపడుతరు, గంతే."

ఇంకో మాట కూడా ఉండేది. "ఒక్కటి మార్చి చూడాలె. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెల్వది." మూత విప్పి, లోపలి చిన్న పలకను తీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో దాని అంచును రుద్దేది. మళ్లీ పెట్టి చూసేది. రాకపోతే అప్పుడే ఇంకొకటి. నేనైతే కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు, పులుపు, కారం అన్నీ ఒకేసారి వేసేదాన్ని. "ఇగ గీ కూరకు ఏ డాక్టర్ మందియ్యడు" అనేది.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోతే చుట్టే బీడీ వదిలేసి వచ్చేదాన్ని. "సచ్చిందా?" అనేదాన్ని. "చివర్ల గీత కొట్టుకుంటుంది చూడు. మనమేం చెప్తమా అని చూస్తుంది. అప్పుడే సచ్చింది అనకు" అనేది.

మా వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం ఆమె ఒక పని పెట్టుకుంది. "మీ చేతులు ఖాళీ ఉండయి, చెవులు ఖాళీనే గదా" అని, కథలు, పేపర్లో మంచి సంగతులు, మందుల గురించీ పంటల గురించీ తానే చదివి కంప్యూటర్‌లో రికార్డు చేసేది. వాటిని చిన్న స్పీకర్‌లో వేసి ఇచ్చేది. మేం ఆకు కత్తిరిస్తూ వినేవాళ్లం. స్పీకర్‌లో పాతవి తీసేసి కొత్తవి వేసేది. అన్నీ ఉన్నది ఇంట్లోని ఆమె కంప్యూటర్‌లోనే.

దవాఖానకు పోయే పొద్దున అది నడుస్తూనే ఉంది. ఆటో ఎక్కుతూ చెప్పింది, "అవ్వా, దాన్ని ముట్టకు. నేనొచ్చి ఆపుత."

తర్వాత ఇంటినిండా చుట్టాలు. పదకొండో రోజు దాకా ఫోటో ముందు దీపం ఆరొద్దన్నారు. గుమ్మంలోంచి వచ్చే గాలికి నూనె దీపం ఊరికే ఆరిపోతుంటే, తొగుట నుంచి వచ్చిన మా తమ్ముడు కరెంటు దీపం కొనుక్కొచ్చాడు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు.

"గిదేం వైరు అక్కా? తియ్యాల్నా?" అని అడిగాడు.

"తియ్యి" అన్నాను నేను. నేనే అన్నాను. దీపం వెలిగింది. ఫోటోలో ఆమె మొహం ఎర్రగా కనబడింది. అప్పుడు నా ధ్యాసలో అదొక్కటే ఉంది.

దినాలయ్యాక ఆమె గొంతు వినాలనిపించి వైరు పెట్టి, బటన్ నొక్కాను. తెర నల్లగా వచ్చి ఆగింది. ఆపి మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. అన్నం దించి నొక్కాను, బీడీల గంప ఇచ్చి వచ్చి నొక్కాను. ఆగలేక ఒక చీరలో మూట కట్టి, ఆటోలో బజారుకు తీసుకుపోయాను. అక్కడి రిపేరు పిల్లగాడు మర్యాదగానే చూశాడు.

"అంత తుడిచేసి కొత్తగ ఎక్కిస్త అవ్వా. గంటల అయితది."

"తుడిస్తే లోపట మాటలు ఉంటయా?"

"ఉండయి. అన్ని పోతయి. కానీ మిషన్ మంచిగ నడుస్తది."

నాకు మిషన్ దేనికి? మళ్లీ మూట కట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఒడిలో పెట్టుకుంటే ఆటో కుదుపుకు అదురుతుందని చేతుల మీదనే పట్టుకున్నాను.

నా బిడ్డ స్నేహితురాలు ఒకతి హుస్నాబాద్‌లో కంప్యూటర్ పని చేస్తుంది. ఫోన్ చేశాను. ఆదివారం వస్తానంది. ఆ రోజు మంగళవారం. "అంత దాక నేను ఆగలేను బిడ్డా" అన్నాను. అయితే ఫోన్‌లోనే చూద్దామంది. ముందుగా అడిగింది, "ఆగిపోయే ముందు ఏం చేసిన్రు పెద్దమ్మా?"

"ఏం చేయలే" అన్నాను.

ఆ పిల్ల ఊరుకుంది. "వైరు పీకించిన. నడుస్తుండగనే. దీపం కోసం" అని చెప్పేసి ఏడ్చాను. నలభై రోజుల్లో ఎవరికీ చెప్పని మాట అది.

"గంతే గదా పెద్దమ్మా. లోపట లెక్క తప్పింది. సరిచేసుకొమ్మని చెప్దాం. తెర చివర్ల గీత కొట్టుకుంటుందా?"

"కొట్టుకుంటుంది."

నాది బటన్ల ఫోన్, తెర చూపించే వీలు లేదు. తెర మీద ఉన్నవి చిన్న ఇంగ్లీషు అక్షరాలు. నాకు వచ్చినవి పెద్దవి, అవీ బస్సుల మీద చూసి నేర్చినవి. ఒక్కో అక్షరం ఎట్లా ఉందో చెప్పుకుంటూ పోయాను.

"ఒకటి చేతికర్ర లెక్క ఉన్నది, నడుమ అడ్డగీత."

"గది ఎఫ్. తర్వాత?"

"పాము లెక్క."

"ఎస్. నువ్వు మంచిగనే చదువుతున్నవు పెద్దమ్మా. నాకు సారు గిట్లనే చెప్తే ఎప్పుడో పాసైతుంటి."

ఆమె చెప్పినట్టు ఒక్కో బటన్ వెతికి నొక్కాను. ఒకటి తప్పితే చెరిపి మళ్లీ కొట్టాను. చివర ఎంటర్ నొక్కమంది. వేలు పెట్టి ఆగిపోయాను.

"ఉన్నది కూడ పోతే?"

"గిది తుడిచేది కాదు పెద్దమ్మా. చెదిరినయి ఏరుకునేది. నొక్కు."

నొక్కాను. తెల్ల వరుసలు గబగబా పైకి పోయాయి. ఎంతసేపో కూర్చోలేక గదిలో తిరిగాను, ఫోన్ చెవిన పెట్టుకునే. అవి ఆగాక ఇంకో నాలుగు అక్షరాలు కొట్టించింది. తెర ఒక్కసారి ఆరిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. నా బిడ్డ పెట్టుకున్న పత్తి చేను బొమ్మ మెల్లగా వచ్చింది. అవతల ఆ పిల్ల "వచ్చిందా? పెద్దమ్మా, వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది.

రికార్డులన్నీ ఉండే పసుపు సంచి బొమ్మ మీద రెండుసార్లు నొక్కమంది. ఆఖరి రికార్డు పెట్టాను. కళ్లకు ఎండ తగలకుండా చూసుకోవడం గురించి ఏదో చదువుతోంది నా బిడ్డ. నడుమ దూరం నుంచి ఒక ఆడమనిషి అరుపు, "అన్నం సల్లారుతుంది, దా." నా గొంతే అది. "గీ ముక్క అయిపోనీ అవ్వా" అని చదువుతూ పోయింది. మళ్లీ అరిచాను. మూడోసారి తిట్టాను కూడా. నా తిట్టుకు ఆమె నవ్వి, "వస్తున్న, వస్తున్న" అంది. కుర్చీ జరిగింది.

రికార్డు ఆపడం మరిచిపోయినట్టుంది. కంచాల చప్పుడు, చెంబు దించిన చప్పుడు, ఇద్దరం ఏదో మాట్లాడుకోవడం, ఏ మాటో అందదు. ఒక్కటి మాత్రం వినబడుతుంది. "ఇంకింత పెట్టవ్వా." ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడరు. తింటున్నాం.

అది అయిపోయేదాకా కదలకుండా విన్నాను. ఇన్ని రోజుల్లో నేను కదలకుండా ఉన్నది అప్పుడే. చదివినందుకు మీకు నేను ఇచ్చేదేమీ లేదు. వేళకు కడుపు నిండా తినండి.