అమ్మ పేరున రాసిన ప్లాటు

మెట్రిక్ పాసైన ఏడాదే నేను మావయ్య దగ్గర అర్జీలు రాయడానికి కుదిరాను. ఆయనతో మాకు రక్తసంబంధం ఏమీ లేదు. అమ్మదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్లు. జంషెడ్‌పూర్ వచ్చాక ఇక్కడివాళ్లని చూసి అమ్మ ఆయనకు రాఖీ కట్టడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఆయన అమ్మని సెల్లీ అని పిలిచేవాడు, నాన్నకి బావ అయ్యాడు, నాకు మావయ్య అయ్యాడు. మిగతా అందరికీ మాత్రం ఆయన మెంబరుగారు. హిందీవాళ్లకు మెంబర్ సాబ్.

ఆయన మెంబరు ఎలా అయ్యాడో మా ఇళ్లల్లో తెలియనివాళ్లు లేరు. ఆయన ఈ ఊరికి కాంట్రాక్టు కూలీగా వచ్చాడు. ఒకరోజు పనిచేసే చోట పరంజా కూలి ఇద్దరు కింద పడ్డారు. కాంట్రాక్టరు వాళ్లను ఆస్పత్రికి పంపకుండా, హాజరు పుస్తకంలో పేర్లు కొట్టించి, ఈ మనుషులు నావాళ్లే కాదన్నాడు. మావయ్య వెళ్లి కాంట్రాక్టరు జీపు ముందు పడుకున్నాడు. లేవమంటే లేవలేదు. తన్నినా లేవలేదట. మధ్యాహ్నానికి పని మొత్తం ఆగిపోయింది. చివరికి ఆ జీపులోనే ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఒకాయన బతికాడు.

ఆ తర్వాత ఎవరికే ఆపద వచ్చినా ఆయన దగ్గరికే వెళ్లేవారు. మురుగు నాలా పక్కన ఉన్న బస్తీకి మొదటి కుళాయి ఆయనే తెప్పించాడు. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ నాలుగూ మాట్లాడేవాడు. చదవడం మాత్రం తెలుగు ఒక్కటే, అదీ కూడబలుక్కుని. వార్డు మెంబరు ఎన్నికలకు సైకిలుకి మైకు కట్టుకుని తిరిగాడు. నాన్న డ్యూటీ దిగి, కార్ఖానా బట్టలతోనే ఆయన వెనక తిరిగేవాడు. గెలిచిన రోజు ఆయన ముందు మా క్వార్టరుకే వచ్చాడు. అమ్మ హారతి ఇచ్చింది. ఆయన ఏడ్చాడు.

అమ్మకు కామెర్లు ముదిరినప్పుడు ఆస్పత్రిలో మంచం దొరక్కపోతే ఆయనే నిలబడి ఇప్పించాడు. పదకొండు రోజులుంది అమ్మ. పోయిన రోజు పాడె ముందు వైపు ఆయనా, నాన్నా పట్టుకున్నారు. సువర్ణరేఖ ఒడ్డున అన్నీ అయ్యాక ఆయన నా నెత్తిన చెయ్యి వేసి, నేనున్నానమ్మా అన్నాడు. మరుసటి ఏడాది నా పరీక్షలు అయిపోగానే, ఇంట్లో ఒక్కదాన్నీ ఉండి ఏం చేస్తానని, తన దగ్గర రాతకోతలు చూసుకోమన్నాడు.

ఆయన ఇంటి వరండాలో కిటికీ పక్కన ఒక బల్ల వేశారు. పొద్దున్నే జనం వచ్చేవారు. రేషను కార్డు, స్కూల్లో సీటు, కుళాయి, వితంతు పెన్షను, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో అర్జీ. వాళ్లు చెప్పేవారు, నేను హిందీలో రాసేదాన్ని, మావయ్య సంతకం పెట్టేవాడు. ఏం రాశావని అడిగేవాడు కాదు. నా రాత బాగుంటుందని వచ్చినవాళ్లకు చెప్పుకునేవాడు. మొదట్లో ఆయనకు సైకిలుండేది. తర్వాత స్కూటరొచ్చింది. ఆ తర్వాత గమ్హరియాలో వర్క్‌షాపున్న ఒక సేటు తన జీపు ఆయన వాకిట్లో ఉంచడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. మేమూ ఆ జీపులో ఎక్కి సినిమాకి వెళ్లాం.

నాలా పక్కన గుడిసెలు తీసేసి రోడ్డు వెడల్పు చెయ్యాలని ఆర్డరు వచ్చింది. తీసేసిన ఇళ్లవాళ్లకు ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్ వైపు చిన్న చిన్న ప్లాట్లు ఇస్తామన్నారు. అక్కడ ఎవరెవరు ఉంటున్నారో జాబితా తయారుచేసి సంతకం పెట్టాల్సింది మెంబరు. నేనూ మావయ్యా రెండు రోజులు గుడిసె గుడిసెకీ తిరిగి పేర్లు రాసుకున్నాం. మూడో రోజు పొద్దున సాఫు కాపీ రాయడానికి కూర్చున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

తిరిగి రాసుకొచ్చిన పేర్లు అయిపోకముందే ఆయన జేబులోంచి ఒక చీటీ తీశాడు. ఇవి కూడా కలిపెయ్యి అని, ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టాడు. మొదటిది ఒక రిక్షా అతని పేరు. అతను అంతకు ముందు ఎండాకాలం పోయాడు. రెండోది అత్తయ్య తమ్ముడిది. అతనుండేది విజయనగరంలో. నేను రాస్తూ పోయాను. ఒకటి రెండు పేర్లు నాకు తెలియవు. తర్వాత ఆయన మా అమ్మ పేరు చదివాడు. భర్త పేరు దగ్గర నాన్న పేరు చెప్పాడు.

నేను రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి. అమ్మ పేరులో ఒక వత్తు ఉంటుంది, హిందీలో దాన్ని చాలామంది తప్పు రాస్తారు. నేను సరిగ్గా రాశాను. అప్పుడు తలెత్తాను.

"మీకోసమే పాపా," అన్నాడు ఆయన. "మీ నాన్న రిటైరైతే క్వార్టరు కాళీ సెయ్యాల గదా. అప్పుడెక్కడుంతారు? మా సెల్లి నాకు రాఖీ కట్టింది. దానికి నానేటిచ్చేను?"

నేను మళ్లీ కాగితం మీదికి వంగాను. ఆయన తర్వాతి పేరు చదివాడు. సాయంత్రం నాన్నతో చెబితే ఆయనకు అంతకు ముందే తెలుసు. మావయ్య అడిగితే సరేనన్నాడట. వంకాయలు కోస్తూ, మన బాగుకే కదా అన్నాడు. నేను బియ్యం కడిగాను.

ప్లాట్లు ఇన్నే అని లెక్క ఉంది, చీటీలోని పేర్లు ఎక్కాలంటే బస్తీలోని పేర్లు కొన్ని ఆగాలి. అలా ఆగినవాళ్లలో మూఢీ, అంటే మరమరాలు, అమ్ముకునే ఒడియా ఆవిడ ఒకామె. మొగుడు లేడు. రోజూ మూఢీ బుట్ట నెత్తిన పెట్టుకుని గోల్‌మురి బజారుకు వచ్చేది. ఆమె గుడిసె పడగొట్టారు, ప్లాటు రాలేదు. వరండాకి వచ్చి నా పేరెందుకు లేదని అడిగింది. మావయ్య ఆమెతో ఒడియాలో నెమ్మదిగానే మాట్లాడాడు. పైన కొట్టేశారమ్మా, నా చేతిలో లేదు అన్నాడు. ఆమె నావైపు తిరిగింది. ఆమె గుడిసెకు వెళ్లి, ఆమె పేరు అడిగి, రాసుకున్నది నేనే. అప్పుడు మాకు గిన్నెతో మంచినీళ్లు ఇచ్చింది. నేను ఎదురుగా ఉన్న కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆమె వదల్లేదు. బుట్టతో సహా సాక్చీలో ఒక పెద్ద ఆఫీసరు ఆఫీసు ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. వానాకాలం అంతా కూర్చుంది. ఆ ఆఫీసరు బదిలీ అయి, ఇంకొకాయన వచ్చాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆయనకు ఈమె కనబడేది. చివరికి ఒకరోజు లోపలికి పిలిచి ఏమిటని అడిగాడట. ఆమె చెప్పింది. జాబితా తెప్పించారు. మనిషిని పంపి ఒక్కో పేరూ అడిగించారు. అప్పటికే చీటీలో పేర్ల మీద వచ్చిన ప్లాట్లలో గమ్హరియా సేటు షెడ్లు లేచిపోయాయి. అమ్మ పేరున ఉన్నది మాత్రం ఖాళీగా ఉంది. ఆ విషయంలో మావయ్య అబద్ధం చెప్పలేదు. అది మాకోసమే ఉంచాడు.

విచారణకు నన్నూ నాన్ననూ పిలిచారు. దానికి ముందు రోజు అత్తయ్య మా ఇంటికి వచ్చి నాన్నతో మాట్లాడి వెళ్లింది. నాన్న చాలాసేపు గుమ్మం దగ్గర కూర్చున్నాడు. తర్వాత లోపలికి వచ్చి, గోడవైపు చూస్తూ చెప్పాడు.

"జాబితా రాసేనాటికి మీ అమ్మ బతికుందని సెప్పీమంతన్నాడు బావ."

నేను కంచాలు పెట్టి అన్నం వడ్డించాను.

మర్నాడు నాన్న సైకిలు మీదే వెళ్లాం. నేను వెనక క్యారియర్ మీద కూర్చున్నాను. ఆఫీసులో ముందు నాన్నను పిలిచారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు మూయలేదు. నాన్న హిందీ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు, కార్ఖానాలో మోతకు అలవాటు. ఆ రోజు చిన్నగా మాట్లాడాడు. అయినా వినబడింది. అప్పుడు ఉంది సార్, తర్వాత పోయింది అన్నాడు. ఏ నెలలో పోయిందని అడిగితే, నాకు నెలలు గుర్తుండవు సార్ అన్నాడు. ప్రతి ఏడూ తిథి చూసి, పొద్దున్నే స్నానం చేసి, అమ్మకు కూడు పెట్టే మనిషి.

తర్వాత నన్ను పిలిచారు. ఆఫీసరు వయసులో చిన్నవాడే. జాబితా నా ముందు పెట్టి ఈ రాత ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. అమ్మ పేరు మీద వేలు పెట్టి ఈమె ఎవరని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఎప్పుడు పోయిందన్నాడు. నాన్న ఇంకా గదిలోనే, గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను తారీకు చెప్పాను. ఆస్పత్రి పేరు చెప్పాను. అది జాబితా కంటే ముందా తర్వాతా అని అడిగితే, ముందు అన్నాను. తెలిసే రాశారా అంటే, తెలిసే రాశానన్నాను. ఆఫీసరు నాన్న వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పైన ఫ్యాను ఒక రెక్క వంగి ఉంది. దాన్నే చూశానని గుర్తు.

బయటికి వచ్చాక నాన్న సైకిలు తాళం తీశాడు. కొంత దూరం తొక్కకుండా నడిపించుకుంటూనే వెళ్లాడు. నేను పక్కన నడిచాను.

"బావ అన్న మాట సెప్పేను గానీ, నువ్వు ఏటి సెప్పాలో నాను సెప్పనేదు గదా," అన్నాడు.

"లేదు."

"సెప్పుంటే ఆ మాటే సెప్పీదానివా?"

"తెలీదు నాన్నా."

ఆయన తల ఊపాడు. ఇంకొంచెం నడిచాక ఎక్కమన్నాడు, ఎక్కాను. ఇంటికెళ్లి పొద్దుటి అన్నమే తిన్నాం.

నాన్న మీద వాళ్లేమీ చర్య తీసుకోలేదు. ముసలాయనకు జ్ఞాపకం సరిగా లేదని రాసి వదిలేశారు. నాన్నకు అప్పటికి యాభై దాటి కొన్నేళ్లే. నా మీద కూడా కేసు పెట్టలేదు, సాక్షిగా రాసుకున్నారు. హిందీ పేపర్లో మావయ్య ఫొటో వేశారు. మెంబరు పదవి పోయింది. వారం తిరక్కుండా సేటు మనిషి వచ్చి జీపు తీసుకుపోయాడు. వరండాలోకి జనం రావడం మానేశారు. నేను కూడా వెళ్లడం మానేశాను. పోలీసులు ఆయన్ని పొద్దున పూట తీసుకెళ్లారు. భోంచేస్తుంటే, తినడం అయ్యేదాకా బయట నిలబడ్డారట. ఒకప్పుడు వాళ్లలో ఒకడి కొడుక్కి స్కూలు సీటు ఆయనే ఇప్పించాడు. ఆ అర్జీ రాసింది నేనే.

నాన్న నెలనెలా జైలుకి వెళ్లేవాడు. ఆ రోజు ఉల్లిపాయ వేసి పప్పు చెయ్యమనేవాడు. నేను చేసి టిఫిను డబ్బాలో పెట్టి ఇచ్చేదాన్ని. బెయిలు వచ్చేదాకా అలాగే సాగింది. కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. కింది కోర్టు శిక్ష వేసింది, ఆయన పైకోర్టుకి వెళ్లాడు. గమ్హరియా సేటుకి ఏమీ కాలేదు. షెడ్లు అలాగే ఉన్నాయి. అమ్మ పేరున ఉన్న ప్లాటు రద్దు చేశారు. మూఢీ ఆవిడకు అది ఇస్తారని నేను అనుకున్నాను. ఇవ్వలేదు. ఆమె కొన్నాళ్లు బజార్లో కనబడింది, తర్వాత కనబడలేదు. మయూర్‌భంజ్ వైపు తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయిందని ఒకరన్నారు.

నేను టైపు నేర్చుకుని ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో చేరాను. ఒకరోజు పొద్దున మినీబస్సులో మావయ్య ఎక్కాడు. బాగా చిక్కిపోయాడు. నా పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, కూర్చున్నాడు. బాగున్నావా పాపా అన్నాడు. బాగున్నానన్నాను. నాన్న మోకాళ్ల గురించి అడిగాడు. బస్సు ఖర్కాయి బ్రిడ్జి మీదికి వచ్చాక మళ్లీ మాట్లాడాడు.

"నువ్వు సెప్పడం వల్ల నాకేటీ అవ్వనేదు. అది మనసులో ఎట్టుకోకు. నువ్వు సెప్పకపోయినా మిగతావోళ్లు ఉన్నారు."

నేను తల ఊపాను.

"సెల్లి పేరు సదివినప్పుడు నువ్వు ఆగుతావేమో అనుకున్నాను," అన్నాడు. "ఆగితే ఆ పేరు అక్కడే ఒగ్గీసీవోణ్ని. నువ్వు ఆగనేదు."

ఆ మాటలో నింద లేదు. కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తూ, మామూలుగా చెప్పాడు. బ్రిడ్జి దాటాక మొదటి స్టాపులో ఆయన దిగాడు. దిగేటప్పుడు చెయ్యి నా నెత్తి మీదికి రాబోయి, సీటు కమ్మీ పట్టుకుంది. నేను తర్వాతి స్టాపులో దిగి ఆఫీసుకి వెళ్లాను. ఆ రోజు కొటేషన్లు చాలా ఉన్నాయి. సాయంత్రం దాకా టైపు చేస్తూనే ఉన్నాను.