గుడిసెలోకి పంపిన పాఠాలు

నాకు తెలుగు చదవడం నేర్పింది సెల్‌ఫోను. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు, కానీ ఒక్కరికీ ఆ అక్షరాలు తెలియవు. తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల మావాళ్ళందరి సంగతీ ఇంతే. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, పెళ్ళిపత్రిక కూడా తమిళమే. కాలేజీ రోజుల్లో ఎవరో ఒకాయన వీడియోల్లో అఆలు దిద్దిస్తుంటే చూసి, మా మామిడితోటలో కూర్చుని నేర్చుకున్నాను. అందుకే బి.ఎడ్.లో చేరేనాటికే నాకొక నమ్మకం గట్టిపడిపోయింది. గురువు లేని చోట ఫోనే గురువవుతుందని. తరగతి గదిలో టెక్నాలజీ వాడకం మీద కాబోయే టీచర్లుగా మా అభిప్రాయం రాయమంటే అందరూ నాలుగు పేజీలు రాశారు, నేను పదకొండు రాశాను. ఎదురు చెప్పినవాళ్ళతో వాదించి నోరు మూయించాను. నేను పట్టిన కుందేలుకు అప్పట్లో మూడే కాళ్ళు.

టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను పాలకోడు దగ్గర ఒక ప్రభుత్వ బడికి పంపారు. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పాలి. అక్కడ స్మార్ట్ బోర్డు ఉంది. దుమ్ము పడకుండా దానికి పాత చీర కప్పి, గదికి తాళం వేసి పెట్టారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే నాకు మూడు రోజులు పట్టింది. చీర తీసి, వైర్లు తగిలించి మొదటి పాఠం చూపించినప్పుడు పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. వాళ్ళు చూసింది లెక్కనా, కదిలే బొమ్మనా అని నేను అడగలేదు.

ఒక పిల్ల మాత్రం నన్నడిగింది. "ఆ గీత అక్కడే ఎందుకు నిలిచింది మిస్?" అని తమిళంలో మొదలుపెట్టి, మాట దొరక్క తెలుగులోకి జారి, నాలుక కరుచుకుంది. తరగతంతా నవ్వింది. నేను తెలుగులోనే జవాబిచ్చాను. ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకు గర్వమనిపించింది. తర్వాత తెలిసింది, వాళ్ళమ్మ మా పొలానికి టమోటా కోతకు వచ్చే మనిషేనని. మా గట్టు మీద ఎన్నోసార్లు చూశాను ఆమెను. కూతురు చదువుకుంటోందా అని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

ఆ పిల్లకు లెక్కలంటే ప్రాణం. జవాబు వచ్చినా ఊరుకోదు, ఎందుకు వచ్చిందో తేలాలి. పాఠం అయ్యాక కూడా బోర్డు దగ్గర నిలబడి వేలితో గాల్లో గీతలు గీసుకునేది. నాకు దొరికిన మొదటి విద్యార్థిని అని నేను మనసులో రాసేసుకున్నాను. ఒక సోమవారం ఆమె రాలేదు. మంగళవారం కూడా రాకపోతే పక్క బెంచీ పిల్లలు నవ్వు దాచుకుంటూ చెప్పారు, పెద్దమనిషైందట.

మాలో అది పదహారు రోజుల పని. మేనమామ వచ్చి పచ్చి కొబ్బరి మట్టలతో ఇంటి పక్కన చిన్న గుడిసె కట్టి ఇస్తాడు. పిల్ల అందులోనే ఉండాలి. కంచం, గ్లాసు, చాప, అన్నీ వేరు. నేనూ ఉన్నాను అలాగే, కాకపోతే మా మిద్దె వెనక వరండాలో. మా అమ్మ చేసిచ్చిన మినపపిండి బెల్లం ముద్దలు డబ్బాలో పెట్టుకుని, నోటుపుస్తకం, లెక్కల పుస్తకం సంచిలో వేసుకుని శనివారం వాళ్ళింటికి వెళ్ళాను.

పుస్తకాలు చూడగానే వాళ్ళ అవ్వ చేయి అడ్డం పెట్టింది. "అది సరస్పతి. మైల దినాల్లో బిడ్డ ముట్టగూడదు. మొక్కుకోని ఎత్తి పెట్టుకో తల్లీ."

పుస్తకం సంచిలోకి వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను, గుడిసెలో పిల్ల ఒళ్ళో కొత్త సెల్‌ఫోను. మేనమామ పెట్టుపోతల్లో చీరతో పాటు అదీ తెచ్చాడట.

"మరి సెల్లు ముట్టొచ్చా అవ్వా?" అన్నాను, కొంచెం వెటకారంగానే.

అవ్వ కాస్త ఆలోచించింది. "సెల్లుకేమి మైల? అది దేవుడు గాదు గదా."

నాకు నవ్వాగలేదు. ఆచారాలు పెట్టిన పెద్దలకు సెల్‌ఫోను గురించి తెలియకపోవడం ఎంత మంచిదైంది అనుకున్నాను. ఆ సందులోంచి నేను లెక్కలను గుడిసెలోకి పంపించాను. రోజూ బడి నుంచి వచ్చి పెరట్లో గోడ మీద సుద్దతో రాసి, మా ఇంటి తెలుగులో చెప్తూ, చెల్లెలి చేత వీడియో తీయించి పంపేదాన్ని. ఆ పిల్లకు కాగితం కూడా కూడదు కనుక గుడిసె నేల మీద చింతపుల్లతో లెక్క చేసి ఫోటో తీసి పంపేది. మట్టిలో గీసిన త్రిభుజాలు, పక్కన కోడి నడిచిపోయిన గుర్తులు. చివర ఒక వాయిస్ మెసేజి. "చూసినారా మిస్? రొండో మాదిరిగా కూడా వచ్చింది."

నేను ఆ ఫోటోలను కాలేజీ సెమినారులో చూపించాను. పుస్తకం వెళ్ళలేని చోటికి ఫోను వెళ్ళింది అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నేను పుట్టింది టీచరు కావడానికే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అనుకున్నట్టే రాయాలి కదా.

పదహారు రోజులు అయ్యాయి. గుడిసె పీకి కాల్చేశారు, విందు పెట్టారు, నేనూ వెళ్ళి అక్షింతలు వేశాను. సోమవారం బడికి వస్తావు కదా అంటే తల ఊపింది. ఆ సోమవారం రాలేదు, తర్వాతి సోమవారమూ రాలేదు. పాఠం పంపితే మాత్రం సాయంత్రానికల్లా జవాబు వచ్చేది, ఇప్పుడు నోటుపుస్తకంలో. నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మను అక్కా అని పిలిచాను, మా ఇంట్లో ఆమెను ఎవరూ అలా పిలవరు. ఆమె నాకు కుర్చీ వేసి, తను కింద కూర్చుంది.

"బిడ్డను ఎందుకు అంపలేదక్కా?"

"చదువుతా ఉంది గదా టీచరమ్మా, దినామూ," అంది ఆమె ఆశ్చర్యంగా. "మీరు అంపేది చూస్తాది, రాస్తాది. పెద్దదైన బిడ్డ. చెరుకు తోటల నడమ రోడ్డుకు నడిచి, ఆ బస్సులో మొగబిడ్డల మధ్య నిలబడి పోవాల. నాకు అది వచ్చేదాకా గుండె దడ. ఇబ్బుడు ఆ భయం లే. పళ్ళికూడం, మీ బడే, ఇంటికి వచ్చేసింది."

"బడికి రాకుంటే పరీక్ష రాయనీరక్కా."

"అదీ సెల్లులో అంపండి. రాసి ఇస్తాది." ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "మీ పాఠం మన మాటలో ఉంటాది. నేనూ వింటాను. ఇన్నేండ్లలో అది చదివేదేందో నాకు తెలిసింది ఇబ్బుడే," అంది.

ఆమె మూర్ఖురాలు కాదు. బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, బడికి ఫీజు లేదు, కనుక అది డబ్బు సంగతీ కాదు. ఉన్నది భయం. నేను రాకముందు ఆ భయాన్ని మింగుకుని రోజూ బిడ్డను పంపింది. ఆ భయానికి మందు నేనే చేతికిచ్చాను. పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. నీకు బడికి రావాలని లేదా అంటే, వాళ్ళమ్మ వైపు చూసి, "ఉంది మిస్, పాఠం వస్తా ఉంది గదా, పరవాలేదు," అంది. ఆ పిల్ల అమ్మ మాట జవదాటేది కాదు.

హెచ్.ఎం. మేడమ్‌కు చెప్పాను. ఆమె తల్లినీ అవ్వనూ పిలిపించి మాట్లాడింది. వాళ్ళు చేతులు కట్టుకుని సరే సరే అన్నారు, వెళ్ళారు, పిల్లను పంపలేదు. నా ప్రాక్టీసు ముగియడానికి ఇంక మూడు వారాలే ఉన్నాయి. అప్పుడు నాకు కోపం వచ్చింది. నా కోపం ఎప్పుడూ తెలివి వేషం వేసుకుని వస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయాలి అనుకున్నాను. పాఠాలు ఆపేస్తే, చదువు కావాలంటే బడికే పోవాలని తెలుస్తుంది. పిల్లే ఏడ్చి పోరుతుంది, తల్లి మెత్తబడుతుంది, వారం తిరక్కుండా వస్తుంది. ఇంత చక్కగా లెక్క కట్టాను.

ఆపేశాను. ఒక్క మాట కూడా చెప్పకుండా ఆపేశాను. చెప్తే ఫోనులో తల్లీ వింటుంది, నా ఎత్తు తెలిసిపోతుంది.

రెండో రోజు మెసేజి వచ్చింది. "మిస్, పాఠం రాలే. సిగ్నలు లేదేమో మీకు." నాలుగో రోజు, "మిస్, పాత లెక్క మళ్ళీ చేసినాను, చూడండి," అని ఒక ఫోటో, నేను ఎప్పుడో సరిచూసిన లెక్కే. ఆరో రోజు గొంతు చిన్నదైపోయింది. "మిస్, నేనేమన్నా తప్పు చేసినానా? తప్పయితే చెప్పండి. దిద్దుకుంటాను."

అది విని నేను ఏడ్చాను. ఏడ్చి కూడా జవాబివ్వలేదు. ఇంక ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటే గెలుస్తాను అనుకున్నాను. నా చెల్లెలు పక్కనే ఉండి, "అక్కా, ఒక మాట చెప్పరాదా దానికి, పాపం," అంది. నీకు తెలియదు ఊరుకో అన్నాను. రోజూ పొద్దున్నే హాజరు పుస్తకం తెరిచి, ఆ పేరు దగ్గర ఆగి, తలుపు వైపు చూసేదాన్ని. ఆ తర్వాత మెసేజిలు రాలేదు, పిల్లా రాలేదు. పదో రోజు నేనే తట్టుకోలేక పెద్ద పాఠం ఒకటి తీసి పంపాను. చూసినట్టు ఫోనులో టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఇంకొకటి పంపాను. అప్పుడు వాళ్ళమ్మ గొంతు వచ్చింది. "అంపొద్దు టీచరమ్మా, మీకు ఎందుకు శ్రమ. బిడ్డే చాలనేసింది. పుస్తకాలు కట్టి అటక మీద పెట్టేసినాది."

నేను మళ్ళీ వెళ్ళాను. ఇంటికి తాళం. తల్లీకూతుళ్ళు పనికి పోయారన్నారు. ఆదివారం వెళ్ళాను, మేనమామ ఊరికి పోయారన్నారు. నా ప్రాక్టీసు అయిపోయింది, సర్టిఫికెట్టు ఇచ్చారు, పిల్లలు కలిసి ఒక పెన్ను కొనిచ్చారు. స్మార్ట్ బోర్డుకు ఎవరో మళ్ళీ చీర కప్పారు.

తర్వాత రెండు నెలలకు పాలకోడు టమోటా మండీలో ఆ పిల్ల కనిపించింది. మా కాయలు దింపించడానికి నాన్నతో పొద్దున్నే వెళ్ళాను. గోనె పరుచుకుని వాళ్ళమ్మ పక్కన కూర్చుని, పండు ఒక క్రేటులోకి, దోర ఒక క్రేటులోకి ఏరుతోంది. చేతులు ఎంత వేగంగా పోతున్నాయో. నన్ను చూసి లేచి నిలబడింది, తరగతిలో లేచినట్టే.

"బాగుండారా మిస్?"

బడికి ఎందుకు రాలేదు, నా పాఠాలు ఎందుకు వద్దన్నావు అని అడిగాను. టమోటా రసం అంటిన చేతులు లంగాకు తుడుచుకుంటూ, తప్పంతా తనదే అయినట్టు చెప్పింది. "నాకు లెక్కలు రావని మీకు తెలిసిపోయింది గదా మిస్. అందుకే మీరు నిలిపేసినారు. మీరు మంచివాళ్ళు, ముఖాన చెప్పలేకపోయినారు. ఆ తరవాత జాలిపడి అంపినారు. మాకు తెలియదా? ఊరికే మిమ్మల్ని కష్టపెట్టేది ఎందుకని నేనే చాలన్నాను."

నేను ఆ క్రేట్ల మధ్యే నిలబడి అంతా చెప్పాను. తను చేసిన లెక్కల్లో తప్పు ఒక్కటీ లేదని, నేను చూసిన పిల్లల్లో తనంత బాగా ఆలోచించేవాళ్ళు లేరని, బడికి రప్పించాలనే ఆపానని, ఆ మెసేజిలన్నీ విన్నానని, ఒక్కోటి పదిసార్లు విన్నానని చెప్పాను. నా గొంతు పెద్దదైందేమో, పక్కవాళ్ళు ఇటు చూశారు. వాళ్ళమ్మ ఏరడం ఆపి నా ముఖం చూసింది, తర్వాత కూతురి ముఖం చూసింది. పిల్ల అంతా విన్నది. లంగా మీద వేలితో గీతలు గీసుకుంది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, తేలేదాకా ఆలోచిస్తుంది.

"వినినారా మిస్?" అంది చివరకు. "వినినప్పుడు ఒక్క మాట చెప్పింటే చాలునే."

అని మళ్ళీ కూర్చుని, దోరకాయలు ఏరసాగింది.