ప్రైమర్ వెయ్యని మనిషి

నిన్న పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతుంటే ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. దైవసహాయం పోయాడని.

ఏ దైవసహాయం అని అడిగాను.

నాకు తెలిసింది ఒక్కడే. అయినా అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. షట్టర్ కిందకి లాగేసి తాడేపల్లిగూడెంలో బస్సెక్కాను. దారిలో ఏం ఆలోచించానో గుర్తు లేదు.

నిన్నటి నుంచి వాట్సాప్ నిండా "గొప్ప కళాకారుడు" అని పోస్టులు. ఒకాయన పెట్టిన ఫోటోలో వాడు చేసిన నాటకం కత్తికి రంగు లేచిపోయి కనపడుతూనే ఉంది. కింద "అద్భుతం" అని రాశారు. మనిషి పోగానే అందరికీ చూపు మందగిస్తుంది కాబోలు.

నేను వాడి ఫ్రెండ్‌ని. అల్యూమినియం పని ఇద్దరం ఏలూరులో ఒకే షాపులో నేర్చుకున్నాం. కాబట్టి నిజం నేనే చెప్పాలి.

దైవసహాయానికి ఫినిషింగ్ రాదు.

కిటికీలు, పార్టిషన్లు బిగించడం మా ఇద్దరి బతుకుతెరువు. మిగిలిన ముక్కలతో వాడు నాటకాల కత్తులు చేసేవాడు. కొల్లేరు పక్కన వాళ్ళ అత్తారి ఊరి చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకం వేస్తారు. బాల యేసుని చంపించాలని చూసిన హేరోదు రాజు కత్తి, సైనికుల కత్తులు అన్నీ వీడివే.

కొయ్యడం బాగానే కోసేవాడు. అంతవరకు ఒప్పుకుంటాను. ఆ తర్వాత బంగారు రంగు స్ప్రే డబ్బా తీసి అంతా నాశనం చేసేవాడు.

అల్యూమినియం మీద రంగు ఊరికే నిలవదు. ఎమరీ పేపరుతో రుద్దాలి. థిన్నర్‌తో జిడ్డు తుడవాలి. ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి. అప్పుడు రంగు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మాకు పని నేర్పిన మేస్త్రి మొదట్లోనే చెప్పాడు. వీడప్పుడు టీ తాగడానికి వెళ్ళుంటాడు.

"ఎందుకురా సత్తిబాబూ ఆ సేవంతా. ఒక్క రాత్రి నాటకమేగా" అనేవాడు.

ఒట్టి బద్ధకం. ఇంకో మాట లేదు.

ఒక క్రిస్మస్‌కి నన్నూ లాక్కెళ్ళాడు. హేరోదు వేషం వేసినతను చేపల చెరువు మీద పనిచేస్తాడు. మంచి గొంతు. కత్తి పట్టుకుని ఊగిపోతూ డైలాగులు చెబుతున్నాడు. చెమటకి రంగంతా అరచేతికి ఊడొచ్చింది. ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

ఒక చెంప మనిషిది, ఒక చెంప బంగారం.

పసిపిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇచ్చే సీను అది. జనం పడీపడీ నవ్వారు. పాస్టర్‌గారు మూతికి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు.

నేనైతే సిగ్గుతో చచ్చేవాణ్ణి. వీడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "చూశావా, బంగారం కత్తిలోంచి రాజులోకి దిగింది" అన్నాడు.

ఇలాంటివాణ్ణి ఏమనాలి?

పని అంటే ఏంటో చూపిద్దామని మరుసటి ఏడు ఒక కత్తి నేను చేశాను. అసలు రంగే లేదు. అద్దంలా బఫింగ్ చేశాను. పిడి మీద నగిషీ చెక్కి, గీతల్లోకి నల్ల రంగు రుద్ది, పైన తుడిచేశాను. ఇప్పటికీ చెబుతున్నాను, దానికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

స్టేజీ మీద లైటు పడింది. వెనక చాప మీద కూర్చున్న ఒక ముసలావిడ పక్కనున్నావిణ్ణి అడిగింది.

"ఏవండీ, ఆ రాజుగారు ట్యూబ్‌లైటు పట్టుకున్నారేంటండీ?"

దైవసహాయం నా పక్కనే ఉన్నాడు. ఆ మాట ఇక వదల్లేదు. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యంకుడిగారికి కూడా చెప్పాడు. ఆవిడకి చూపు ఆనదని నేనంటాను, ఎవరూ వినరు.

ఇవాళ మధ్యాహ్నం సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వెళ్ళాం. వాకిట్లో స్టూలు మీద ఈ ఏటి హేరోదు కత్తి ఉంది. రంగు ఇంకా వెయ్యలేదు. పక్కనే స్ప్రే డబ్బా.

వాడి భార్య మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారండీ, నాటకం ఆపితే ఆయన ఒప్పుకోరండీ. ఆ కత్తి మీరే పూర్తి చేసివ్వండి."

గూడెంలో నా షాపుకి పట్టుకెళ్ళి శుభ్రంగా రుద్ది, ప్రైమర్ వేసి తెస్తానమ్మా అన్నాను.

"రుద్దకండి" అంది.

కత్తి తిప్పి పిడి చూపించింది. మేకుతో గీసిన తీగ ఒకటి. వంకరటింకర ఆకులు. ఎంత కష్టపడి గీశాడో తెలుస్తోంది. ఎంత చేతకాదో కూడా తెలుస్తోంది.

"మొన్న సాయంత్రం కూర్చుని గీశారండీ. మీరు చేసినట్టు చేద్దామని. రుద్దితే పోతాయి కదండీ?"

పోతాయి. పైపైన గీసినవి. ఎమరీ పేపరు తగిలితే ఏమీ మిగలదు.

రుద్దకపోతే నాటకం రోజున రంగు ఊడుతుంది. పోయినవాడి పని చూసి ఊరంతా మళ్ళీ నవ్వుతుంది. కత్తి మళ్ళీ స్టూలు మీద పెట్టాను.

చివరికి డబ్బా ఊపాను.

రుద్దలేదు. తుడవలేదు. ప్రైమర్ లేదు. నేరుగా బంగారం కొట్టాను. ఒక పక్క కారింది కూడా. తీగ మాత్రం పోకుండా చూశాను. పని నేర్చుకున్నాక నేను చేసిన అతి చెత్త పని ఇది. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

మార్తమ్మ చూసి, "అచ్చం ఆయన వేసినట్టే ఉందండీ" అంది.

ఇన్నేళ్ళలో నా పనిని ఎవరూ ఇంత మాట అనలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

వెళ్ళిరా దైవసహాయం. ప్రభువు దగ్గర ప్రశాంతంగా ఉండు.

అక్కడ మాత్రం దేనికీ రంగు వెయ్యకు.