రెండో బోటు వచ్చేదాకా

ఆ రోజుల్లో మా విశాఖ నుంచి సింగపూర్‌కి ఒక్కటే విమానం ఉండేది. ఫిషింగ్ హార్బర్‌లో ఓ ఐసు ఫ్యాక్టరీలో కొత్తగా గుమస్తాగా చేరిన నేను, సాయంత్రం అది సముద్రం మీదుగా పోతుంటే గుమ్మంలో నిలబడి చూస్తూ, లోపల ఐసు కరిగిపోతున్నా పట్టించుకునేవాణ్ని కాదు (యజమాని పట్టించుకునేవాడు). కొత్తగా పెళ్లయింది. మా ఆవిడకి ఒకటే కోరిక: విమానంలో కిటికీ పక్కన కూర్చుని మన సముద్రాన్ని పైనుంచి చూడాలని. సింగపూర్ తీసుకెళ్తానని పెళ్లిచూపుల్లోనే మాటిచ్చేశాను (అడక్కుండానే).

టికెట్టు రేటు మాత్రం విమానం కంటే ఎత్తులో ఉండేది. అంతలో ఇంకో కంపెనీ కూడా అదే దారిలో విమానం వేస్తోందని తెలిసింది. మా అక్క మొగుడు హార్బర్‌లో చేపల వేలంపాట నడిపేవాడు, అందుకే ఆయన్ని అందరూ పాట బావ అనేవారు. ఆయన్నే సలహా అడిగాను.

"ఒక్క బోటే ఒడ్డుకొస్తే ఆడు సెప్పిందే రేటు. రెండోది కూడా వొస్తే మనం సెప్పిందే రేటు. ఆగు బావా," అన్నాడు.

ఆగాను. అన్నట్టే రెండోది వచ్చింది. కంపెనీలు రెండూ పోటీపడి రేటు దించాయి. మా ఆవిడ పెట్టె సర్దేసింది. నేనేమో, రెండోది వచ్చాక మూడోది రాదా, రేటు ఇంకా దిగదా అని కలలు కంటూ కూర్చున్నాను. మూడోది రాలేదు సరికదా, ఆ రేట్లకి గిట్టుబాటు కాక రెండోది కూడా వెళ్లిపోయింది. మిగిలిన ఒక్కటీ రేటు మళ్లీ ఆకాశానికెక్కించింది. సర్దిన పెట్టెతోనే భీమిలి బస్సెక్కాం. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా సముద్రాన్ని చూస్తూనే ఉంది.

"బాగానే ఉంది గానీ, పక్కన కాదండీ, సముద్రం కింద కనపడాల," అంది మెల్లగా.

కోప్పడినా బాగుండేది. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఏళ్లు గడిచాయి. మొన్నామధ్య మళ్లీ ఓ కొత్త కంపెనీ వస్తోందన్నారు. ఈసారి ఎవర్నీ అడక్కుండా ఉన్న రేటుకే కొనేశాను. వారం తిరక్కుండా రేటు పడిపోయింది. "రెండో బోటు రాకముందే కొనీసినావేటి బావా," అని పాట బావ ఫోన్‌లో జాలిపడ్డాడు.

విమానం లేచింది. మా ఆవిడ కిటికీకి ముక్కు ఆనించి, నా చెయ్యి పట్టుకుని కిందికి చూపించింది. హార్బర్‌లో బోట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఏది ముందొచ్చిందో ఏది తర్వాతొచ్చిందో పైనుంచి తెలియలేదు. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో ఆనాటి నేను ఇంకా తలెత్తుకుని నిలబడి ఉన్నానేమోనని నేనూ ఒంగి చూశాను.