ఆటో కదిలేలోపు

మొన్న ఆదివారం మా వదిన ఇంటికి వెళ్తూ మనవరాలిని వెంటబెట్టుకు వెళ్ళాను. మర్నాడు పరీక్ష ఉందని అది తన కాగితాలు కూడా తెచ్చుకుంది. వదిన వరండాలో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పక్కన చతికిలబడి మెదక్‌లో ఎవరింట్లో ఏ సంబంధం కుదిరిందో ఆరా తీస్తున్నాను. ఇది మాత్రం ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడుస్తూ, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకే వాక్యాన్ని పట్టుకుని నూరుతోంది. విని విని విసుగొచ్చి ఆ కాగితం లాక్కుని చూశాను. పైన లావుపాటి అక్షరాలతో 'పాఠం సారాంశం, సొంత మాటల్లో' అని అచ్చు వేసి ఉంది. కింద పేజీ నిండా మాటలు. "ఎవరి సొంత మాటలే ఇవి?" అన్నాను. "మా మిస్ ఇచ్చింది నానమ్మా. అందరికి ఇవే సొంత మాటలు. ఒక్క ముక్క మారినా మార్కులు కట్ చేస్తరు" అంది, అందులో వింతేముందన్నట్టు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు పోయింది. ఇది చదివే బడీ, మా వదినను పొమ్మన్న బడీ ఒకటే మరి.

వదినది కౌడిపల్లి. మా అన్నను చేసుకుని మెదక్ వచ్చిన కొత్తలోనే ఆ ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో బస్సు తప్పిపోతున్నట్టు నడిచేది. ఆ బడిలో సగం మంది పాపన్నపేట వైపు పల్లెల పిల్లలు. పొద్దున షేర్ ఆటోల్లో ఒకరి ఒళ్ళో ఒకరు కూచుని వచ్చేవాళ్ళు, సాయంత్రం అట్లాగే వెళ్ళేవాళ్ళు. వదిన వాళ్ళను ఆటో స్టాండు దాకా దిగబెట్టి, అందరూ ఎక్కారో లేదో చూసుకుని ఇంటికొచ్చేది. అది ఆమె ఉద్యోగంలో భాగం కాదు. చెప్పినా వినే రకం కాదు కనక మా అన్న చెప్పడం మానేశాడు.

అక్కడే ఒకరోజు ఆటోలో కూర్చున్న ముసలమ్మ ఒకామె, ఇంకా ఎక్కని మనవడిని ముద్దుగా అడిగిందట, "ఇయ్యాల ఏం సదివినవ్ కొడుకా?" అని. వాడు చేతులు కట్టుకుని, పాఠం మొదటి వాక్యం నుంచి వల్లించడం మొదలుపెట్టాడు. రాజుగారి వంశం, కోట బురుజులు, గుర్రాల రంగులు. రాజు ఏం చేశాడన్నది రాకముందే ఆటో నిండింది, డ్రైవరు వాడిని లోపలికి లాగి పడేశాడు. "మంచిగనే సదువుతుండు గని, ఏం సదివిండో నాకైతే సమజ్ గాలే" అందట ముసలమ్మ. మా వదిన ఆ రాత్రి అన్నం తినకుండా అదే మాట తలుచుకుని ఒకటే నవ్వు. తెల్లారి నుంచి ఆమె తరగతిలో ఒక బెంచీ ఆటో అయింది. పాఠం చదివి పుస్తకం మూసిన పిల్ల బెంచీ పక్కన నిలబడాలి. పక్క తరగతి నుంచి పిలుచుకొచ్చిన, ఆ పాఠం చదవని పిల్ల బెంచీ మీద ప్యాసింజరుగా కూచోవాలి. డ్రైవరైన పిల్లాడు నోటితో డుర్రుమని బండి స్టార్టు చేస్తాడు. ఆటో కదిలేలోపు చెప్పేయాలి: ఎవరు, వాళ్ళకు ఏం కావాలి, ఏం అడ్డమొచ్చింది, ఆఖరుకు ఏమైంది. తర్వాత ప్యాసింజరు లేచి తనకు అర్థమైంది తరగతికి చెప్పాలి. ఆ పిల్ల చెప్పలేకపోతే తప్పు ఆ పిల్లది కాదు, చెప్పినవాళ్ళది. మళ్ళీ పుస్తకం తెరవాల్సిందే.

ఆ జబ్బు ఇంట్లోకి కూడా వచ్చింది. మా అన్నకు సినిమా చూసొస్తే సినిమా అంతసేపూ కథ చెప్పే అలవాటు. టికెట్టు దగ్గర తోపులాటతో మొదలుపెట్టేవాడు. హీరో ఇంకా పుట్టకముందే వంటింట్లోంచి వదిన కేక వేసేది, "ఆటో పోయింది!" అని. మా అమ్మ చుట్టాలింటి పెళ్ళి గురించి చెబుతూ వంకాయకూర దగ్గర ఆగిపోతే, "అత్తమ్మా, ఆటో పోతుంది" అని గోముగా అనేది. అత్తగారిని అట్లా అనే కోడలు మా వీధిలో ఇంకొకరు లేరు. అమ్మ కూడా నవ్వేసి, "ఉండవే నీ ఆటో పాడుగాను" అని అసలు సంగతికి వచ్చేది. నేను పరీక్షలకు చదివిందేమైనా గుర్తుందంటే అది ఆమె ఆటో ఎక్కించబట్టే.

మరి ఇంత మంచిదాని మీద ఎవరి కళ్ళు పడ్డాయంటారా? కరస్పాండెంటు గారివి. ప్రైవేటు బడి పెట్టిన యజమానిని మావైపు అట్లాగే అంటాం. ఆయన ఆ ఏడు, ఒకరి తరగతి పేపర్లు ఇంకొకరు దిద్దాలని కొత్త పద్ధతి పెట్టాడు. వదిన తరగతి పిల్లలకు పరీక్షలో వచ్చిన పాఠం ఒక చెరువు కథ. కట్ట తెగబోతున్న వానలో నీరటి, అంటే చెరువు నీళ్ళు పొలాలకు విడిచే మనిషి, గండికి అడ్డంపడి ఊరిని కాపాడి చనిపోతాడు. సారాంశం రాయమని ప్రశ్న. పాపన్నపేట దగ్గరి పిల్ల ఒకతి ఇట్లా రాసింది: 'చెరువు రాజు తవ్వించిండు. కట్ట తెగబోతే నీరటి ప్రాణం పెట్టి ఆపిండు. రాయి మీద పేరు రాజుదే చెక్కిండ్రు.' నేను ఆ పేపరు చూశాను. దిద్దినాయన పక్కన గైడ్ పెట్టుకున్నాడు. గైడ్‌లో సారాంశం పేజీన్నర. ఆ పిల్ల జవాబు మీద ఎర్రగా అడ్డంగా కొట్టి, సున్నా చుట్టాడు. తరగతిలో దాదాపు అందరికీ అదే గతి.

తల్లిదండ్రుల మీటింగుకు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. బాగా పొలం ఉన్న మనిషి, ఊళ్ళో నాయకుడు కావాలని తిరుగుతున్నాడు, తెల్లబట్టలు. "మేడం, పేపర్ నిండ రాయాలె గద. ఆటో ముచ్చట్లు నేర్వనీకి మా బిడ్డను గింత దూరం పంపుతున్నమా?" అన్నాడు. ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, "నాకు సమజైంది నాయినా" అంది. "సమజైతే ఏం జేస్కోవాలె? మార్కులెవలిస్తరు?" అని కసిరాడు. వదిన ఏదో చెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. కరస్పాండెంటు ఆయనకు టీ తెప్పించి, వదిన వైపు తిరిగి, "రేపటి సంది గైడ్ చూసి నోట్స్ చెప్పుండ్రి, పిల్లలు రాసుకుంటరు" అన్నాడు. "గైడే చెప్తే ఇగ నేనెందుకు సార్?" అంది వదిన. ఆయన కోప్పడలేదు, అదే నాకు మండేది. మెత్తగా నవ్వి, "నేను గూడ గదే ఆలోచిస్తున్న మేడం" అన్నాడు.

ఆ నెలాఖరుకు వదిన ఇంట్లో ఉంది. ఊరుకోలేదు లెండి, ఇదే వరండాలో ట్యూషన్ మొదలుపెట్టింది. పాత బెంచీ ఒకటి వేయించి దాన్నే ఆటో చేసింది. తల్లులు వచ్చి, బెంచీ వంక అనుమానంగా చూసి, "నోట్స్ ఇస్తరా మేడం?" అని అడిగేవాళ్ళు. ఇవ్వనంటే పక్క వీధిలో ఇచ్చేవాళ్ళున్నారు. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఖరికి ప్యాసింజరుగా కూచోవడానికి కూడా ఎవరూ దొరక్క, కొన్నాళ్ళు మా అన్న కూచున్నాడు పాపం, పేపరు చదువుకుంటూ. తర్వాత బెంచీ దొడ్లోకి పోయింది. దాని మీద ఇప్పుడు కట్టెలు పేర్చి ఉన్నాయి. అన్న పోయాక వదిన నోటివెంట ఆటో మాటే నేను వినలేదు.

ఈ సంవత్సరం ఆ బడివాళ్ళు చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'మా పిల్లలు చదివింది సొంత మాటల్లో చెబుతారు' అని రాసి, పక్కన కరస్పాండెంటు కొడుకు చేతులు కట్టుకున్న ఫొటో. ఎవరో పెద్ద నగరం నుంచి వచ్చి టీచర్లకు క్లాసు తీసుకున్నారట, సారాంశం చెప్పిస్తే పిల్లలకు బాగా అర్థమవుతుందని. వీళ్ళు వెంటనే సారాంశాలు అచ్చు వేయించి పంచేశారు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచిపోయినప్పుడల్లా నాకు ఆ పిల్ల రాసిన మూడో వాక్యం గుర్తొస్తుంది.

ఇదంతా మొన్న ఆ వరండాలో కూచుని తలుచుకుంటూ ఉంటే, మనవరాలు వదిన ముందుకొచ్చి కాగితం ఆమె చేతిలో పెట్టింది. "అమ్మమ్మా, తప్పులు పోతయేమో చూడు" అని గడగడా మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, ఏ మాట మీదా గొంతు మారలేదు. వదిన వేలు పెట్టి వరసవరసా చూసుకుంటూ పోయింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఇప్పుడంటుంది, ఇదిగో ఇప్పుడంటుంది అని. పేజీ అయిపోయింది. వదిన కాగితం మడిచి ఇచ్చి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్క ముక్క పోలే" అంది. అది గంతులేస్తూ నీళ్ళు తాగడానికి లోపలికి పోయింది.

నేను ఆగలేకపోయాను. "ఏంది వదినా! ఆటో ఎప్పుడో పోయింది గద, అనవేంది? దానికేమన్న సమజైందా అని అడగవేంది?" అన్నాను. ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"అడిగితే నేర్సుకుంటది పిల్లా. నేర్సుకుంటే గట్లనే రాస్తది" అంది. "దాని మార్కులు పోతయ్."

గైడ్ ఆమె నోరు మూయించలేకపోయింది, కరస్పాండెంటూ మూయించలేకపోయాడు. కాలమే తీరిగ్గా కూచుని మా వదినకు మౌనంగా ఉండటం నేర్పింది.